కాలి నరం గుండెకు వేశాక ఎందుకు పూడుతుంది?

బైపాస్ జరిగిన ఇంట్లో తరచూ వినపడే మాట: "కాలి నరం తీసి గుండెకు వేశారు." వైద్యుల భాషలో అది నరం కాదు, సిర. చీలమండ దగ్గర మొదలై గజ్జల దాకా పాకే సఫీనస్ సిర. 1967లో అర్జెంటీనా సర్జన్ రెనె ఫవలోరో క్లీవ్‌లాండ్ క్లినిక్‌లో దానితో బైపాస్ చేసి చూపించాక లక్షల ప్రాణాలు నిలిచాయి. కానీ పదేళ్లు తిరిగేసరికి ఇలా వేసిన సిరల్లో దాదాపు సగం పూడిపోతాయి.

ఎందుకు? మనం పడుకున్నప్పుడు ఆ సిరలో ఒత్తిడి పది మిల్లీమీటర్లకు అటూఇటూ ఉంటుంది. గుండెకు కుట్టగానే 120 తాకిడి మొదలవుతుంది. పైగా కాలి నుంచి తీసేటప్పుడు చుట్టూ ఉన్న కొవ్వు ఒలిచి, ఎక్కడైనా కారుతోందేమో చూడటానికి సెలైన్ ఎక్కించి ఉబ్బిస్తారు. అప్పుడే లోపొర దెబ్బతింటుంది. కొత్త ఒత్తిడికి తట్టుకోవాలంటే గోడ దళసరి కావాల్సిందే. చిక్కేమిటంటే, కావలసినంతకు చేరాక కూడా ఆ పెరుగుదల ఆగదు. లోపలికే పెరిగి దారిని ఇరుకు చేస్తుంది.

మరి ఆ కణాలు ఎక్కడివి? గోడ మధ్యపొరలోని కండర కణాలే లోపలికి పాకి పిల్లలు పెడతాయని మొదట అనుకున్నారు. రక్తంలో కొట్టుకొచ్చిన మజ్జ కణాలేమోనన్న అనుమానం తర్వాత వచ్చింది. తేల్చుకోవడానికి చక్కని ఉపాయం చేశారు. రంగు వేస్తే కండర కణాలు నీలంగా తేలే చిట్టెలుక సిరను మామూలు చిట్టెలుక మెడ ధమనికి కుట్టారు. వారాల తర్వాత కోసి చూస్తే నీలం కణం సిరతో వచ్చింది, నీలం కానిది కొత్త ఒంటిది. 2002లో చింగ్‌బో షూ బృందానికి రెండు రకాలూ కనిపించాయి. మజ్జ నుంచి వచ్చినవి మాత్రం లేవు. 2004లో అదే బృందం చిట్టెలుక మహాధమని వెలిపొరలో మూలకణాలున్నాయని, వాటిని కుట్టిన సిరకు బయట పూస్తే లోపలికి చేరి కండర కణాలవుతాయని చూపింది. 2014లో అమెరికా పరిశోధకులు ఇంకో సంగతి పట్టుకున్నారు: రక్తాన్ని తాకే లోపొర కణాలే కొన్ని వేషం మార్చి కండర కణాల్లా తయారవుతున్నాయి.

అంటే ఒక్క చోటు కాదు, గోడ మొత్తం చెయ్యి వేస్తోంది. కణ విభజన ఒక్కదాన్ని ఆపితే చాలని తెచ్చిన ఎడిఫోలిగైడ్ మందును మూడు వేలకు పైగా బైపాస్ రోగుల్లో పరీక్షించారు. సిరను కుట్టేముందు అందులో నానబెట్టారు. 2005లో ఫలితం వచ్చింది: లాభం లేదు.

నాకు సబబనిపించేది, సిరకు తొలి దెబ్బే తగలకుండా చూడటం. స్వీడన్ సర్జన్ డొమింగోస్ సౌజా పద్ధతిలో సిరను చుట్టూ కొవ్వుతో సహా తీస్తారు, ఉబ్బించరు. కాలి గాయం మానడం ఆలస్యమవుతుంది గానీ సిర ఎక్కువ కాలం తెరిచి ఉంటోందని కొన్ని పరిశోధనలు చెబుతున్నాయి. రోగి చేతిలో ఉన్నదీ తక్కువేం కాదు. పొగ మానండి. ఛాతీ నొప్పి తగ్గింది కదా అని ఆస్పిరిన్, స్టాటిన్ మాత్రలు డాక్టరును అడక్కుండా ఆపకండి.