మీగడ పానీయములు విరుగకుండ చేయు విధము

శుభకార్యములలో భోజనములైన పిదప అతిథులకు చల్లని బాదంపాలనో, మామిడిరసము కలిపిన మీగడపాలనో ఇచ్చుట ముచ్చటైన మర్యాద. కాని వంటవాడు తొందరపడినచో నూఱుమందికి కాచిన పాలు క్షణములో విరిగిపోవును. పాలు దండుగ, గృహస్థునకు చిన్నతనము. ఇది యేల జరుగునో తెలిసికొన్నచో తప్పించుట సులభము.

పాలలోని వెన్న కంటికి కనబడనంత సన్నని బిందువులుగా నుండును. కేసీన్ అను మాంసకృత్తు కణములు ఒకదాని నొకటి తోసికొనుచు విడివిడిగా తేలుచుండును. పులుపు తగిలినంతనే ఆ తోపుడు తగ్గి, కణములు ముద్దకట్టును. వేడి తోడైనచో కొద్దిపాటి పులుపునకే విఱుగుడు కలుగును. కావున వేడియు పులుపును ఒక్కసారి కలియరాదు. సూత్ర మింతియే.

చిక్కదనమునకు గేదెపాలు శ్రేష్ఠము. ఆవుపాలలో వెన్న నూటికి సుమారు 4 పాళ్లు. గేదెపాలలో 7 పాళ్లు. కృష్ణపై 1855లో ఆనకట్ట పూర్తియైనది మొదలు కాలువల క్రింద వరి విస్తరించి, గడ్డికి కొదువలేని మన సీమకు ఈ పాడి సహజసంపద.

కొండపల్లి బొమ్మల పనివారు తెల్లపొణికి కఱ్ఱను సన్నని సెగపై కాచి తేమను మెల్లగా తీయుదురు. పాల విషయమునను అంతే. రెండు లీటర్ల పాలను సన్నని మంటపై, అడుగంటకుండ గరిటెతో కలుపుచు, లీటరున్నర యగునట్లు మరిగింపవలెను. నానబెట్టి పొట్టుతీసిన బాదంపప్పు నలుబదింటిని మెత్తగా నూరి, పంచదారతో కలిపి, మరికొంతసేపు కాచవలెను. దింపిన పిదప ఏలకుల పొడి వేసి చల్లార్చినచో బాదంపాలు సిద్ధము.

నూజివీటి చిన్నరసముల రుచి కావలెనన్నచో పాలను పూర్తిగా చల్లార్చి, చల్లని రసమును కొంచెము కొంచెముగా కలిపి, వెంటనే వడ్డింపవలెను. బెల్లమునందును కొంత పులుపుండును. అందుచేతనే మన యిల్లాండ్రు పరమాన్నమును పొయ్యిపైనుండి దింపిన పిదపనే బెల్లము కలుపుదురు. పెరుగును గుడ్డలో వడగట్టి, పంచదారయు ఏలకులును కలిపి చిలికిన రసాలకు ఈ భయము లేదు. పెరుగు ముందే తోడుకొన్నది గదా!

పాశ్చాత్య దేశములలో భోజనానంతరము మీగడతో మద్యమును కలిపి, కాక్‌టెయిల్ అను పేర త్రాగుట గలదు. బ్రాందీ, కోకో సారము గల తీపిమద్యము, మీగడ కలిపినది బ్రాందీ అలెగ్జాండర్. ఇందొక మోసము గలదు. మద్యపు ఘాటును తీపియు మీగడయు కప్పివేయును. ఎంత త్రాగినదియు త్రాగువానికే తెలియదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారాను ఎదిరించినది ఇల్లు గుల్లయగుట చూచియే. ఈ పానీయములకు రుచి నిచ్చునది మీగడ, పప్పు, పరిమళము. మద్యము లేకున్నను రుచికి లోటు లేదు. విందులు జరిపించు పెద్దలు ఈ మాట యువకులకు చెప్పదగును.

కడపట ఒక్క హెచ్చరిక. పాలు బాగుగా పొంగిన పిమ్మటనే వాడవలెను. మంచుగడ్డ మంచినీటితో చేసినదై యుండవలెను. ఎండకాలమున ఈ పానీయములను గంటకు మించి బయట ఉంచరాదు. మధుమేహము గలవారికి మజ్జిగయే మేలు. అతిథికి రుచి ఎంత ముఖ్యమో, మఱునాటి ఆరోగ్యమును అంతే ముఖ్యము.