పచ్చికా? ప్లాస్టిక్కా?
అమెరికా సాకర్ మైదానాల కథ

క్రికెట్‌లో పిచ్ స్వభావాన్ని బట్టి జయాపజయాలు తారుమారు కావడం మన పాఠకులకు సుపరిచితమే. ఫుట్‌బాల్‌లోనూ నేల ప్రభావం తక్కువేమీ కాదు. అయితే అమెరికాలో ఈ నేల సమస్య ఆటను దాటి, స్టేడియం ఎవరిది, ఖర్చు ఎవరిది, కష్టం ఎవరిది అనే ప్రశ్నల వరకు వెళ్ళింది. ఆ వివరాలను పాఠకుల ముందుంచుతున్నాము.

అద్దె ఇంట్లో ఆట

మనం ఫుట్‌బాల్ అని పిలిచే ఆటను అమెరికన్లు సాకర్ అంటారు. వారికి ఫుట్‌బాల్ అంటే శిరస్త్రాణాలు ధరించి, కోలబంతిని చేతబట్టి పరుగెత్తే వేరొక ఆట. 1994లో ప్రపంచ కప్‌కు ఆతిథ్యమిచ్చిన అమెరికాలో, 1996లో 10 జట్లతో మేజర్ లీగ్ సాకర్ ఆరంభమైంది. అప్పటికి లీగ్ కోసం కట్టిన స్టేడియం ఒక్కటీ లేదు. చాలా జట్లు అమెరికన్ ఫుట్‌బాల్ స్టేడియంలలోనే తలదాచుకున్నాయి. ఆ ఆట మైదానం వెడల్పు 53 గజాల పైచిలుకు మాత్రమే. అంతర్జాతీయ స్థాయి సాకర్‌కు కనీసం 70 గజాలు కావాలి. కనుక ఇరుకైన మైదానాలు, వేరే ఆట గీతలు, వేలకొలది ఖాళీ కుర్చీలు ఆనాటి ఆటగాళ్ళకు నిత్యకృత్యమయ్యాయి.

కొలంబస్ జట్టు యజమాని లామర్ హంట్ ఇందుకు మార్గాంతరం చూపాడు. లీగ్ జట్టు కోసమే ప్రత్యేకంగా కట్టిన తొలి స్టేడియం 1999లో ఆ నగరంలో వెలసింది. 2003లో లాస్ ఏంజెలెస్ సమీపంలోని కార్సన్‌లో, 2010లో న్యూజెర్సీలోని హారిసన్‌లో సొంత స్టేడియంలు వచ్చాయి. ఈ మూడింటిలోనూ పరచినది సహజమైన పచ్చికే. సొంత ఇల్లు ఏర్పడితే పెరటి మొక్కపై శ్రద్ధ పెరగడం సహజమే కదా!

ప్లాస్టిక్ గడ్డి పుట్టుక

1965లో హ్యూస్టన్ నగరంలో ఆస్ట్రోడోమ్ అనే పైకప్పు గల బేస్‌బాల్ స్టేడియం ప్రారంభమైంది. కప్పులోని పారదర్శక పలకల మెరుపు వల్ల పైకెగిరిన బంతి ఆటగాళ్ళకు కనిపించేది కాదు. పలకలకు రంగు పూశారు. బంతి కనిపించింది గాని, వెలుతురు అందక గడ్డి చనిపోయింది. 1966లో అక్కడ కృత్రిమ గడ్డి పరచారు. ఆస్ట్రోటర్ఫ్ అన్న పేరు ఆ విధంగా వచ్చింది. నేటి రకాలలో ప్లాస్టిక్ పోచల నడుమ ఇసుకను, రబ్బరు గుళికలను నింపుతారు.

నిర్వాహకులకు ఇందులో సౌకర్యం ఉన్నది. ఒకనాడు సాకర్, మరునాడు అమెరికన్ ఫుట్‌బాల్, ఆపైన సంగీత కచేరీ జరిగినా నేల తట్టుకుంటుంది. 2009లో లీగ్‌లో చేరిన సియాటిల్, 2017లో చేరిన అట్లాంటా, 2022లో చేరిన షార్లెట్ జట్లు ఇటువంటి పెద్ద స్టేడియంలనే ఎంచుకున్నాయి. అట్లాంటాలో 2018 ఫైనల్ పోటీకి 73 వేల మందికి పైగా ప్రేక్షకులు వచ్చారు. కనుక ప్లాస్టిక్ నేలను కేవలం పేదరికపు గుర్తుగా కొట్టివేయలేము.

ఆటగాడి పక్షం

ఎండలో కృత్రిమ నేల పచ్చిక కంటే ఎంతో ఎక్కువగా వేడెక్కుతుంది. జారిపడితే చర్మం గీసుకుపోతుంది. గాయాల సంఖ్య విషయంలో అధ్యయనాలన్నీ ఒకే మాట చెప్పకపోయినా, ఆటగాళ్ళలో అధికుల మొగ్గు పచ్చిక వైపే. న్యూజెర్సీ జట్టుకు ఆడిన ఫ్రాన్స్ క్రీడాకారుడు థియరీ ఆన్రీ ప్లాస్టిక్ మైదానాలకు సాధ్యమైనంత దూరంగా ఉండేవాడు. 2015లో కెనడాలో మహిళల ప్రపంచ కప్‌ను పూర్తిగా కృత్రిమ నేలపైనే నిర్వహించారు. పురుషులకు లేని నిబంధన తమకెందుకని కొందరు క్రీడాకారిణులు 2014లో అక్కడి మానవ హక్కుల ట్రిబ్యునల్‌ను ఆశ్రయించారు. 2015 జనవరిలో ఫిర్యాదును ఉపసంహరించుకున్నారు.

పైకప్పు కింద పచ్చిక అసాధ్యమా? కాదని 1994లోనే రుజువైంది. మిషిగన్ స్టేట్ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు ఆరు భుజాల తొట్లలో గడ్డిని ఆరుబయట పెంచి, సిల్వర్‌డోమ్ అనే కప్పు గల స్టేడియంలోకి చేర్చి పేర్చారు. దానిపై నాలుగు ప్రపంచ కప్ పోటీలు జరిగాయి. 2026 ప్రపంచ కప్‌కు కూడా సహజమైన గడ్డే ఉండాలని ఫిఫా నిర్దేశించింది. అదే విశ్వవిద్యాలయం, టెనెసీ విశ్వవిద్యాలయంతో కలిసి పరిశోధన సాగించింది. వేడి ప్రాంతాల మైదానాలలో పెంచే బెర్ముడా గడ్డి, మనం వినాయకుని పూజకు కోసుకొచ్చే గరిక జాతిదేనని తెలిస్తే పాఠకులకు ఆశ్చర్యం కలుగవచ్చు.

అయితే గడ్డి పరచడం వేరు, పెంచడం వేరు. 2024 కోపా అమెరికా తొలి పోటీకి అట్లాంటాలో ప్లాస్టిక్ నేలపై హడావుడిగా పచ్చిక పరచగా, గెలిచిన అర్జెంటీనా జట్టే నేల బాగులేదని ఫిర్యాదు చేసింది. వేరు పట్టడానికి వ్యవధి, పోషణ, ఓర్పు కావాలి.

కర్మాగారంలో నేల జారుడుగా ఉంటే ఎంతటి నిపుణుడికైనా ప్రమాదం తప్పదని భద్రతా వారోత్సవాలలో ఏటా చెప్పుకుంటాము. ఆటగాడికి మైదానమే కర్మాగారం. నెల రోజుల అతిథి కోసం గడ్డి పరచగలిగినప్పుడు, ఏడాది పొడుగునా అదే నేలపై చెమటోడ్చే వారికి మాత్రం ఎందుకు వీలుపడదు? అమెరికా స్టేడియం యజమానులు సమాధానం చెప్పవలసిన ప్రశ్న ఇదేనని మేము భావిస్తున్నాము.