కూరమడికి పటంలో ఏ రంగు?

వరంగల్: నగరం అంచున ఇళ్ల వరుస ఆగిన చోట కూరమళ్లు మొదలవుతాయి. పాలకూర విత్తిన నెలకల్లా కోతకొస్తుంది. తెల్లవారుజామున కోసిన కట్టలు వాడకముందే హన్మకొండ రైతు బజారు చేరాలి. తోట దూరం జరిగితే ఆటో కిరాయే లాభాన్ని మింగుతుంది. అర ఎకరంలో ఆకుకూర వేసుకునే కుటుంబానికి ఊరి దగ్గరి మడే ఆధారం.

ఆ మడి భవిష్యత్తు మాస్టర్ ప్లాన్ పటంలోని రంగు మీద ఆధారపడి ఉంది. 1971 నాటి ప్లాన్ అర్ధ శతాబ్దం నడిచింది. 2041 వరకు వర్తించే కొత్త ప్లాన్‌ను ప్రభుత్వం 2024 నవంబరులో ఆమోదించింది. కాకతీయ పట్టణాభివృద్ధి సంస్థ (కుడా) పరిధి 1,805 చదరపు కిలోమీటర్లు. నివాస రంగు పడిందని ఆ రోజే నాగలి ఆపనక్కరలేదు. కాని పక్క చెలకలు ప్లాట్లయితే కాలువ పూడుతుంది, బండిబాట మూసుకుపోతుంది, భూమి ధర చూసి కౌలుకిచ్చిన ఆసామి మనసు మారుతుంది. పటం భూమినే చూపుతుంది, కౌలుదారును చూపదు.

2022లో ఔటర్ రింగు రోడ్డు కోసమంటూ 27 గ్రామాల్లో 21 వేల ఎకరాలకు పైగా భూ సమీకరణకు కుడా పూనుకుంది. రైతులు రోడ్డెక్కారు. ఆ ఏడాదే ప్రతిపాదన వెనక్కి పోయింది. అదంటే ఊరంతా తెలిసిన పోరు. రంగు మారితే మాత్రం చప్పుడుండదు.

పొలాన్ని ఇళ్ల స్థలంగా మార్చాలంటే 2006 నాటి చట్టం ప్రకారం రుసుము కట్టి అనుమతి పొందాలి. కూరతోటను తోటగానే ఉంచాలంటే అడగాల్సింది రైతులే. తమ సర్వే నంబరు ఏ రంగులో ఉందో తెలిపే భూ వినియోగ సర్టిఫికెట్ కోసం పట్టాదారులు కుడాకు దరఖాస్తు చేసుకోవచ్చు.