గవర్నరు రాసిన అభియోగపత్రం

1921 ఏప్రిల్‌లో, పదవీకాలం ఇంకా రెండు నెలలే మిగిలి ఉండగా, అమెరికాలోని జార్జియా రాష్ట్ర గవర్నరు హ్యూ డోర్సీ ఒక చిన్న పుస్తకం వెలువరించాడు. రెండేళ్లలో నల్లజాతివారిపై జరిగినట్లు తన దృష్టికి వచ్చిన 135 అకృత్యాల పట్టిక అది. మూకహత్యలు, వెట్టి, సంఘటిత దౌర్జన్యంతో ఊళ్ల నుంచి తరిమివేత, వ్యక్తుల క్రూరత్వం అని వాటిని నాలుగు తరగతులుగా విభజించాడు. దక్షిణాది శ్వేత పాలకుడొకడు తన సమాజంపై తానే అభియోగపత్రం రాయడం ఆనాటికి అపూర్వం.

రాసిన చేయి ఎవరిదో చూస్తే ఆశ్చర్యం రెట్టింపవుతుంది. 1913లో అట్లాంటా పెన్సిల్ కర్మాగారంలో పదమూడేళ్ల బాలకార్మికురాలు మేరీ ఫేగన్ హత్య జరిగింది. ఆ కేసులో యూదుడైన సూపరింటెండెంటు లియో ఫ్రాంక్‌కు మరణశిక్ష పడేలా వాదించిన ప్రభుత్వ న్యాయవాది డోర్సీయే. ఫ్రాంక్ నిర్దోషి అన్నది నేడు అత్యధిక చరిత్రకారుల అభిప్రాయం. నాటి గవర్నరు జాన్ స్లేటన్ 1915లో ఆ శిక్షను యావజ్జీవంగా తగ్గించాడు. ఆగస్టులో ఒక మూక ఫ్రాంక్‌ను జైలు నుంచి ఎత్తుకుపోయి మారియెట్టా వద్ద ఉరితీసింది. ఎవరికీ శిక్ష పడలేదు. మరుసటి ఏడాది పత్రికాధిపతి టామ్ వాట్సన్ అండతో డోర్సీ గవర్నరుగా ఎన్నికయ్యాడు. ఏ ఆవేశం ఫ్రాంక్‌ను బలిగొన్నదో అదే డోర్సీకి అధికారమిచ్చింది.

1918 మేలో, భర్త మూకహత్యను నిరసించిన నేరానికి, నిండు గర్భిణి మేరీ టర్నర్‌ను దక్షిణ జార్జియాలో అమానుషంగా చంపారు. ఎన్‌ఏఏసీపీ తరఫున విచారించిన వాల్టర్ వైట్ నిందితుల పేర్లను గవర్నరుకే అందజేశాడు. ఫలితం శూన్యం.

మరి 1921లో ఏం మారింది? 1920 సెనేట్ ఎన్నికలో అదే వాట్సన్ చేతిలో ఓడిన డోర్సీకి ఇక పోగొట్టుకునేదేమీ లేదు కనుక ధైర్యం వచ్చిందనవచ్చు. అది సగమే నిజమని నా ఉద్దేశం. ఆ వసంతంలోనే జాస్పర్ కౌంటీ భూస్వామి జాన్ విలియమ్స్ ఘోరం బయటపడింది. జరిమానాలు చెల్లించి జైలు నుంచి తెచ్చుకున్న నల్లజాతి పురుషులను ఆ అప్పు పేరిట పొలంలో బంధించి ఉంచాడు. ఫెడరల్ అధికారుల విచారణకు జడిసి, సాక్ష్యం లేకుండా చేయడానికి పదకొండు మందిని చంపించాడు. అతడికి యావజ్జీవ శిక్ష పడింది. నదిలో తేలిన శవాలను రాష్ట్రం చూడనట్టు నటించలేకపోయింది.

డోర్సీ నివారణోపాయాలూ సూచించాడు: నిర్బంధ విద్య, రాష్ట్రస్థాయి పోలీసు దళం, మూకహత్య జరిగిన కౌంటీపై జరిమానా. ఈ చివరిది మనకు కొత్త కాదు. 1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం పదహారో సెక్షన్ సామూహిక జరిమానాకు వీలు కల్పిస్తోంది. దాన్ని ప్రయోగించే ప్రభుత్వాలే అరుదు.

అయితే ఆ పుస్తకంలో కౌంటీల పేర్లు లేవు, నేరస్థుల పేర్లు లేవు. బాధితులకా, 1908 రాజ్యాంగ సవరణ తర్వాత ఓటే కరువు. తదుపరి గవర్నరు థామస్ హార్డ్‌విక్ ఆ రచన జార్జియాకు అపనింద అని ఖండించాడు. డోర్సీ తర్వాత న్యాయమూర్తిగా పనిచేసి 1948లో మరణించాడు.

1986లో జార్జియా ఫ్రాంక్‌కు క్షమాభిక్ష ప్రకటించింది, అతడు దోషా నిర్దోషా అన్నది తేల్చకుండానే, కస్టడీలో అతణ్ని కాపాడలేకపోయామన్న కారణం చూపి.