పాటిమన్నులోని కాలక్రమము

పూర్వమొక యూరు పాడుపడిన చోటును మన పల్లెలలో పాటి యందురు. అచ్చటి మన్నును బండ్లతో తోలి పొలములకు వేయుట రైతులకు వాడుక. మంచి బలమైన యెరువుగదా! ఆ మన్నుతో గూడ చరిత్రయొక్క వరుసయు పోవుచున్నదని మేము చెప్పవలసివచ్చినది.

క్రిందిపొర ముందటిది, పైపొర తరువాతిది. 1669లో డెన్మార్కు దేశీయుడగు స్టెనో శిలలవిషయమున జెప్పిన సూత్రమిది. వినుటకు సులభమే; త్రవ్వునపుడు గాదు. తరువాతివారు ధాన్యమునకై పాతర త్రవ్విరేని, వారి కుండపెంకు పూర్వుల పెంకులకంటె లోతున బడియుండును. కావున లోతును మాత్రమే కొలిచి కాలమును నిర్ణయింపరాదు. ఆ పాతర యేపొరనుండి త్రవ్వబడినదో చూడవలయును. మొహెంజొదారోను త్రవ్వినవారు నిర్ణీతమట్టమునుండి అడుగులు లెక్కించుకొనుచు పోయిరి. దిబ్బ యంతయు నొక్కమట్టముగా పెరిగినట్లు! 1944 మొదలు 1948 వఱకు భారత పురావస్తుశాఖ కధిపతియైన మార్టిమర్ వీలర్ ఈ పద్ధతిని గట్టిగా ఖండించెను. ఆయన మాటలలో దొరతనము కొంత లేకపోలేదు; విషయము మాత్రము నిజము.

1945లో పుదుచ్చేరి కడనున్న అరికమేడున ఇటలీ పాత్రల పెంకులు దొరకినవి. అవి క్రీ.శ. 1వ శతాబ్ది పూర్వభాగమువని రోమకచరిత్రవలన తెలియును. అడుగున చుక్కల గీతలు వలయములుగా దిరిగిన పళ్లెములును అచ్చట దొరకినవి. అట్టి పళ్లెములే 1947లో కన్నడదేశమున, అశోకుని శాసనముగల బ్రహ్మగిరి పైపొరలో గనబడెను. ఆ పొరకు వీలర్ ఆంధ్రసంస్కృతి యని పేరిడెను. దాని క్రింద ఇనుముతోగూడిన రాక్షసిగుళ్ల కాలము. అంతకు క్రింద రాతిగొడ్డళ్ల కాలము.

వరుస తేలినది గాని, అడుగుపొర కేండ్లు చెప్పుట కాధారము లేకపోయెను. క్రీ.పూ. 1వ సహస్రాబ్ది యారంభమని వీలర్ ఊహించెను. 1949లో కర్బనపరీక్ష వెలువడిన పిదప, పూర్వపు మహబూబునగరము జిల్లాలోని ఉట్నూరు బూడిదదిబ్బయందు దొరకిన బొగ్గును పరీక్షింపగా, రాతిగొడ్డళ్లవారు క్రీ.పూ. 3వ సహస్రాబ్దిలోనే అచ్చట పశువుల మందలను కట్టుకొని యుండిరని తేలినది. వేయేండ్లకు పైగా లెక్క తప్పెను. వరుస మాత్రము చెక్కుచెదరలేదు.

ఉట్నూరును 1957లో ఆల్చిన్ పొరపొరగా త్రవ్వినందుననే ఆ బొగ్గు సాక్ష్యమునకు నిలిచినది. అదే బొగ్గు పాటిమన్నుతో బండి యెక్కి చేనికి జేరియుండినయెడల, దాని వయస్సును కనుగొన్నను అది యెవరి పొయ్యిలోనిదో చెప్పగలవారుండరు.