కలుగు నోరు మూసేస్తే ఎలుక చస్తుందా?

వరి గట్ల మీద ఎలుకల వీడియో పెట్టాక ఎక్కువమంది అడిగింది ఒకటే: "అన్నా, విషం ఎందుకు, కలుగు నోరు మట్టితో గట్టిగా మూసేస్తే ఊపిరాడక చావదా?"

చావదు. చాలాసార్లు ఆ నోరు మట్టితో మూసుకునేది ఎలుకే. మీరు మూస్తే ఇంకో పక్కనుంచి తవ్వుకుని వస్తుంది.

భూమి లోపల గాలి ఎంత చెడుతుందో చూడండి. ఇజ్రాయెల్‌లో స్పాలాక్స్ అని ఒక జంతువు ఉంది. కళ్ళ మీద చర్మం కప్పేసి ఉంటుంది, బతుకంతా మట్టిలోనే. వానకి నీళ్ళు నిలిచిన బంకనేలలో దాని కలుగు గాలిని కొలిస్తే ఆక్సిజన్ 7.2 శాతానికి పడిపోయింది, కార్బన్ డయాక్సైడ్ 6.1 శాతానికి ఎక్కింది. మనం పీల్చే గాలిలో ఇవి 21, 0.04. (వాప్స పోయిన నేలలో వేరు పడే బాధ ఏంటో ఈ అంకెలే చెప్తాయి.)

అయినా అది బతుకుతుంది. దాని హిమోగ్లోబిన్ అంత పలచని గాలిలోంచి కూడా ఆక్సిజన్‌ని లాక్కుంటుంది. కండరాల్లో సన్నటి రక్తనాళాలు ఒత్తుగా ఉండటంతో ఆ కొంచెమూ లోపలిదాకా చేరుతుంది. 3 శాతం ఆక్సిజన్‌లో మామూలు ఎలుక 2 నుంచి 4 గంటలు ఆగితే, ఇది 14 గంటల దాకా ఆగింది.

ఉత్తర అమెరికాలో తూర్పు మోల్‌ది వేరే దారి. మామూలుగా ఎర్రకణాల్లో డీపీజీ అనే పదార్థం హిమోగ్లోబిన్‌కి అతుక్కుని ఆక్సిజన్‌ని వదిలిస్తుంది. మోల్‌లో అది సరిగా అతుక్కోదు. ఖాళీ అయిన చోట కార్బన్ డయాక్సైడ్ ఎక్కుతుంది. చెడుగాలిని మోసే బండి పెద్దదైందన్నమాట.

మన పొలం ఎలుక పూర్తిగా పాతాళజీవి కాదు, రాత్రి మేతకి బయటికొస్తుంది. కానీ నోరు మూసుకుని లోపల కూర్చోవడం దానికీ అలవాటే.

పొగ సంగతి వేరు. సగం కాలిన గడ్డి పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. అది హిమోగ్లోబిన్‌ని ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. పొగకుండ పనిచేసేది అందుకే. అయితే ఎలుక కోసం దూరిన జెర్రిపోతు రక్తంలోనూ, పొగ ఊదే మన రక్తంలోనూ ఉన్నది హిమోగ్లోబినే. అందుకని నేను సాయంత్రం కలుగులన్నీ మూయించి, పొద్దున తెరుచుకున్నవాటికే పొగ పెట్టిస్తాను. ఊదే మనిషి గాలికి ఎగువన నిలబడాలి.