వలలో పడిన ప్లాస్టిక్

కేరళలోని కొల్లం తీరపు జాలరుల వలల్లో చేపలతోబాటు సంచులు, సీసాలు, తెగిన వలముక్కలు పడుతూ ఉండేవి. వాటిని ఏరి తిరిగి సముద్రంలోకే విసిరేవారు. ఒడ్డుకు తెస్తే మాత్రం వేయడానికి చోటేదీ?

2017లో ప్రభుత్వం ‘శుచిత్వ సాగరం’ పేరిట ఆ చోటు చూపింది. జాలరులు చెత్తను సంచులకెత్తి నీండకర రేవుకు తెచ్చారు. అసలు శ్రమ అక్కడే మొదలైంది. స్త్రీలు ఆ రాశిని కడిగి, రకాలుగా వేరుచేశారు. ఉప్పునీట నాని చివికిన ప్లాస్టిక్ చాలావరకు మామూలు పునర్వినియోగానికి పనికిరాదు. అందుచేత దానిని యంత్రంలో తురిమి, తారులో కలిపి, రోడ్లకు వాడారు.

తొలి పది నెలలలో 25 టన్నులు బయటపడింది. జాలరికి దక్కిన ఫలం స్పష్టమే: నేడు ఏరిన సీసాను రేపు మళ్లీ ఏరనక్కరలేదు.